మీటకముందే మోగే స్వరం: గిటార్ పెడల్‌బోర్డులో హమ్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఎలక్ట్రిక్ గిటార్ ధ్వనిని పెంచి వినిపించే ఆంప్‌ని ఆన్ చేసి, గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, చేతులు తీగల మీద నుంచి తీసేసి ఒక్క నిమిషం ఊరికే వినండి. అప్పుడు వచ్చే రొదకు, అంటే హమ్‌కు, హైదరాబాద్‌లో ఒక శ్రుతి ఉంది. దాన్ని ట్యూనర్‌కి చూపిస్తే సూది చాలాసార్లు జి దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి జి షార్ప్ వైపు మూడో వంతు దూరం జరిగి నిలబడుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద పలికే జి 98 హెర్ట్జ్. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, దాని రెట్టింపు 100. అందుకే ఈ రొద జి కంటే కాస్త పైన పలుకుతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ ఇదే రొద బి ఫ్లాట్‌కీ బి కీ మధ్య పడుతుంది. యూట్యూబ్ వీడియోల్లో ‘60 సైకిల్ హమ్’ అని వాళ్ళు చెప్పేది మన గదుల్లో 50 సైకిల్ హమ్.

వెతుకులాటలో ఈ శ్రుతే మొదటి ఆధారం. గుమ్మని, మెత్తగా, కింది స్థాయిలో వినిపించే రొద అయితే కరెంటు వైర్ల నుంచో ట్రాన్స్‌ఫార్మర్ నుంచో వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని, లేదా గ్రౌండ్ లూప్‌ని (రెండు పరికరాల గ్రౌండ్లు రెండు దారుల్లో కలిసి ఏర్పడే చుట్టుని) ముందుగా అనుమానించాలి. కాస్త గరుకుగా, 100 హెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటే అడాప్టర్ ఏసీని డీసీగా మార్చడంలో మిగిలిపోయిన అలలు కారణం కావచ్చు. జుయ్యిమని, తేనెటీగలు ముసిరినట్టు చెవిని గీరుతూ ఉంటే ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ లైటు డ్రైవర్, సరిగా లేని షీల్డింగ్ (బయటి రొదను అడ్డుకునే లోహపు తొడుగు) వైపు చూడాలి. ఇవి గట్టి గీతలు గీసి విడదీసినంత వేరుగా ఉండవు, ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అయినా చెవి ఇచ్చే ఈ తొలి అంచనా చాలా తిరుగుడు తప్పిస్తుంది. సుయ్యిమనే సన్నని చప్పుడు మాత్రం వేరే జాతి. అది హిస్, సిగ్నల్‌ను బాగా పెంచినప్పుడు, అంటే ఎక్కువ గెయిన్‌తో పాటు వచ్చేది. దానికి ఎర్తింగ్‌తో సంబంధం లేదు.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. రొద వస్తోందనగానే నాయిస్ గేట్ కొంటారు, అది చాలకపోతే ఖరీదైన కేబుళ్ళు, ఆ తర్వాత కొత్త పవర్ సప్లై. నాయిస్ గేట్ వాయించనప్పుడు తలుపు వేస్తుంది, అంతే. తీగ మీటగానే తలుపు తెరుచుకుంటుంది, స్వరంతో పాటు హమ్ కూడా లోపలికి వస్తుంది. పైగా నెమ్మదిగా తగ్గాల్సిన స్వరం చివర్లో ఠక్కున తెగిపోతుంది. గేట్‌కి దాని పని దానికి ఉంది, కానీ జబ్బు ఏమిటో తేలకముందే వేసే మందు కాదు అది. హమ్‌ని పట్టుకోవాలంటే వస్తువులు కలుపుతూ పోకూడదు, ఒక్కొక్కటీ తీసేస్తూ పోవాలి.

ముందుగా ఆంప్‌లో ఏమీ గుచ్చకుండా వినాలి. అప్పుడే రొద ఉంటే తప్పు ఆంప్‌లోనో గోడ సాకెట్‌లోనో ఉంది, పెడళ్ళకు, అంటే గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య ధ్వనిని మార్చడానికి కాలితో నొక్కే పెట్టెలకు, సంబంధం లేదు. నిశ్శబ్దంగా ఉంటే గిటార్‌ని ఒకే ఒక్క మంచి కేబుల్‌తో నేరుగా ఆంప్‌కి కలపాలి. ఆ తర్వాత ఒక పెడల్, అది కూడా 9 వోల్టుల బ్యాటరీ మీద. బ్యాటరీకి గోడతో సంబంధం ఉండదు కాబట్టి ఈ పరీక్షను మించినది లేదు. బ్యాటరీ మీద నిశ్శబ్దంగా ఉన్న పెడల్ అడాప్టర్ పెట్టగానే రొద చేస్తే దోషి దొరికినట్టే. పది పెడళ్ళుంటే పదీ ఒక్కొక్కటిగా కలుపుతూ కూర్చోనక్కర్లేదు. వరుసను మధ్యకి విరిచి ముందు ఒక సగం విని, రొద ఏ సగంలో ఉందో దాన్ని మళ్ళీ విరిస్తే మూడు నాలుగు ప్రయత్నాల్లో ఒక పెడల్‌కో, పెడళ్ళను కలిపే ఒక ప్యాచ్ కేబుల్‌కో చేరుకోవచ్చు. ఇది చేసేటప్పుడు వరుసలో ముందుండే పెడళ్ళను ఎక్కువ శ్రద్ధగా చూడాలి. మొదట్లో దూరిన చిన్న రొదను కూడా వెనకున్న, సిగ్నల్‌ను పెంచే కంప్రెసర్, డిస్టార్షన్ పెడళ్ళు పదింతలు చేసి వినిపిస్తాయి. అందుకే డిస్టార్షన్‌లో హమ్ వస్తోందని ఆ పెడల్‌ని నిందించడం చాలాసార్లు అన్యాయం. అది తనకు అందినదాన్ని పెద్దది చేసింది, అంతే.

గాలిలోంచి వచ్చే హమ్‌ది పికప్ కథ. సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన చిన్న పెట్టె. తీగ కంపనాన్ని ఎంత బాగా పట్టుకుంటుందో, గదిలో తిరిగే 50 హెర్ట్జ్ క్షేత్రాన్నీ అంతే నమ్మకంగా పట్టుకుంటుంది. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ దీనికి జవాబు. రెండు కాయిళ్ళను ఎదురెదురు దిశల్లో కలిపి, అయస్కాంతాల ధ్రువాలను కూడా తిరగేస్తే తీగ ధ్వని రెండింటిలోనూ కలుస్తుంది, బయటి నుంచి వచ్చిన రొద మాత్రం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. మధ్య పికప్‌ను తిరగేసి చుట్టిన స్ట్రాటోక్యాస్టర్ రకం గిటార్లలో పికప్‌లను ఎంచుకునే సెలెక్టర్‌ని రెండు, నాలుగు స్థానాల్లో పెడితే హమ్ తగ్గడానికి కారణం కూడా ఇదే.

దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. గిటార్ భుజాన వేసుకుని, వాల్యూమ్ తెరిచి, ఉన్న చోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరగాలి. ఒక దిక్కులో రొద పెరిగి, దానికి అడ్డంగా తిరిగినప్పుడు దాదాపు మాయమైపోతే అది అయస్కాంత క్షేత్రమే. పికప్ లోపలి చుట్లు క్షేత్రానికి ఎదురుగా ఉన్నాయా, పక్కగా ఉన్నాయా అన్నదే ఆ తేడా. తర్వాత తీగల మీద అరచెయ్యి ఆనించి చూడాలి. చెయ్యి తగలగానే జుయ్యిమనేది తగ్గితే అది వేరే దారి: ఒళ్ళు యాంటెన్నాలా పట్టుకున్న రొద తీగలు ఆనే బ్రిడ్జి ద్వారా గ్రౌండ్‌లోకి పోతోంది. గిటార్ లోపలి గుంటలకు రాగి రేకు అంటించి గ్రౌండ్‌కి కలిపితే ఈ రకం బాగా తగ్గుతుంది. మొదటి రకాన్ని మాత్రం పల్చని రాగి రేకు ఆపలేదు. ఈ రెండింటి తేడా తెలియక రేకంతా అంటించి, హమ్ పోలేదని దిగులు పడేవాళ్ళు చాలామంది ఉన్నారు. చెయ్యి తగిలించినప్పుడు రొద తగ్గకుండా పెరిగితే గిటార్ లోపల గ్రౌండ్ వైరు ఊడి ఉండే అవకాశం ఎక్కువ.

మన ఇళ్ళల్లో గాలిలోకి రొద వదిలేవాటిలో ఫ్యాన్ రెగ్యులేటర్‌ది పెద్ద వాటా. గుండ్రంగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలను సెకనుకు 100 సార్లు మధ్యలో కోసి పంపిస్తుంది. ఆ కోత పడిన అంచులు వైర్లలోనూ గాలిలోనూ వేల హెర్ట్జ్ దాకా జుయ్యిమంటాయి. ఫ్యాన్ పూర్తి వేగంలో ఉంటే కోత తక్కువ, రెండు మూడు మీద ఉంటే ఎక్కువ. కాబట్టి మే నెలలో ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుని వాయించినప్పుడు లేని రొద నవంబర్‌లో రెండు మీదకి తగ్గించగానే మొదలవుతుంది. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ పెట్టించుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది. ఫ్రిజ్‌కి పెట్టిన స్టెబిలైజర్, ఇన్వర్టర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్, పెడల్‌బోర్డు కింద ఇరికించిన లావుపాటి అడాప్టర్ కూడా గాలిలోకి రొద వదులుతాయి. ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే క్షేత్రం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది, దూరం రెట్టింపు చేస్తే సుమారు ఎనిమిదో వంతే మిగులుతుంది. స్వరాన్ని ‘వా’ అనిపించే వా పెడల్ లోపల ఇండక్టర్ ఉంటుంది, అదీ ఒక కాయిలే. వా తొక్కగానే హమ్ వస్తే దాన్ని పవర్ సప్లై పక్క నుంచి ఒక అడుగు జరిపి చూడండి. చాలా బోర్డుల్లో ఆ ఒక్క అడుగుతోనే సరిపోతుంది.

కరెంటు దారిలో వచ్చే రొద ఇంకో రకం. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా ఐదారు పెడళ్ళకు కరెంటు ఇవ్వడం మనవాళ్ళలో మామూలే. రెండు మూడు అనలాగ్ పెడళ్ళకు అది నిక్షేపంలా పనిచేస్తుంది. సాదా ఓవర్‌డ్రైవ్ పెడల్ తాగేది పది మిల్లీఆంపులలోపే. చాలా డిజిటల్ డీలే, రివర్బ్ పెడళ్ళు ఒక్కొక్కటి 100 నుంచి 300 దాకా లాగుతాయి. అడాప్టర్ మీద 200 మిల్లీఆంపులు అని రాసి ఉండి, బోర్డు 350 అడుగుతుంటే డీసీలో అలలు లేచి 100 హెర్ట్జ్ రొద స్పీకర్ దాకా వస్తుంది. దీనికి తోడు డిజిటల్ పెడల్ లోపలి క్లాక్ సిగ్నల్ చప్పుడు గొలుసు వైరులోనే పక్క పెడల్‌లోకి పాకి సన్నగా కీచుమంటుంది. ఒక్కో అవుట్‌పుట్‌కీ విడి వైండింగ్ ఉన్న ఐసొలేటెడ్ పవర్ సప్లై ఈ రెండింటికీ సరైన జవాబు. ఇందులో జాగ్రత్త పడాల్సింది ఒకటే. పది అవుట్‌పుట్లున్న ప్రతి పెట్టే ఐసొలేటెడ్ కాదు, కొన్నింటి లోపల అన్నీ ఒకే గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. దాన్ని గోడ నుంచి పూర్తిగా తీసేసి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి, రెండు అవుట్‌పుట్ల నెగెటివ్‌ల మీద ముళ్ళు ఆనిస్తే నిజం తెలిసిపోతుంది. బీప్ వస్తే అది అందంగా సర్దిన గొలుసు వైరే. పాత తరహా జర్మేనియం ఫజ్ పెడళ్ళలో కొన్నింటికి పాజిటివ్ వైపే గ్రౌండ్. వాటిని మిగతావాటితో ఒకే గొలుసులో కలిపితే షార్ట్ అవుతుంది.

గ్రౌండ్ లూప్ అనే మాట అందరూ వాడతారు, అసలేమిటో మాత్రం కొందరికే స్పష్టంగా తెలుసు. రెండు పరికరాల గ్రౌండ్లు రెండు వేర్వేరు దారుల్లో కలిస్తే అదే లూప్. ఆంప్ ఈ గోడ సాకెట్‌లో ఉంది, పెడల్‌బోర్డు సప్లై ఎదురు గోడ సాకెట్‌లో ఉంది. రెంటికీ మూడో పిన్ను ఉంది. గోడల లోపల ఎర్త్ వైరు ఒక దారి, గిటార్ కేబుల్ షీల్డ్ రెండో దారి. గదంత పెద్ద రాగి చుట్టు తయారైంది. ఇంటి వైర్ల క్షేత్రం ఆ చుట్టులో చిన్న కరెంటును పుట్టిస్తుంది, రెండు సాకెట్ల ఎర్త్ మధ్య కొద్ది మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు. ఆ కరెంటు కేబుల్ షీల్డ్ మీదుగా పారినప్పుడు ఆంప్ దాన్ని సంగీతమే అనుకుని వినిపిస్తుంది. ఆంప్ వెనక పెడళ్ళు కలపడానికి ఉండే ఎఫెక్ట్స్ లూప్‌కి నాలుగు కేబుళ్ళతో కలిపే పద్ధతిలోనూ, ల్యాప్‌టాప్‌తో రికార్డింగ్ చేసేటప్పుడూ ఇది తరచుగా తగులుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయగానే రొద పోయిందంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి మొదటి మందు అన్నిటినీ ఒకే సాకెట్‌కి తేవడం. అంత లోడ్ పడుతుందా అని టెన్షన్ పడేవాళ్ళకు చిన్న లెక్క. మామూలు 6 ఆంపుల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు ఇవ్వగలదు. 40 వాట్ల వాల్వ్ ఆంప్ లాగేది ఏ 150 వాట్లో, పెడల్‌బోర్డుది ఇరవై ముప్ఫై. మూడు పిన్నులూ నిజంగా కలిసి ఉన్న ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇద్దరు గిటారిస్టులకు హాయిగా సరిపోతుంది. అది కుదరని చోట, అంటే వేదిక మీద నుంచి హాలు చివర్లో ఉన్న మిక్సర్ దాకా కేబుల్ వెళ్ళాల్సిన చోట, గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చే డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ గానీ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ వాడాలి. ఇవి సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ని విడదీస్తాయి, గోడ ఎర్త్ జోలికి పోవు. సికింద్రాబాద్ చర్చిల్లో ఆదివారం ఆరాధనకు గిటార్ ప్రాసెసర్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపేవాళ్ళకు అన్నిటికంటే ముందు కొనదగ్గ వస్తువు ఈ డీఐ బాక్సే.

ఎర్త్ దగ్గరికి వచ్చేసరికి విషయం రొదతో ఆగదు. నగరంలో చాలా పాత ఇళ్ళల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ పై రంధ్రం వెనక ఏ వైరూ ఉండదు. రెండు పిన్నుల ప్లగ్గు దూర్చడానికి ఆ పై రంధ్రంలో పెన్ను మూత పొడిచి షట్టర్ తెరవడం అందరికీ అలవాటే, కాబట్టి అది దేనికి ఉందో కూడా మరిచిపోతారు. ఎర్త్ గుంట ఉన్నచోట కూడా హైదరాబాద్ నేలది ఒక ఇబ్బంది. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. రాయి కరెంటును సరిగా తీసుకోదు, తడి మట్టి తీసుకుంటుంది. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన గుంట ఎండాకాలంలో ఎండిపోతే ఎర్త్ బలం తగ్గుతుంది. వానాకాలంలో ప్రశాంతంగా ఉన్న సెటప్ ఏప్రిల్‌కల్లా గొణగడం మొదలుపెడితే ఆ గుంటలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళైందో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడగడం మంచిది.

ఎర్త్ లేని సాకెట్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఆంప్‌లో, కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటు వచ్చే చోట ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి వచ్చి పరికరం లోహపు ఒంటి దగ్గర కలుస్తాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే ఆ లోహం 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా తెలియదు. కానీ గిటార్ తీగలు ఆ లోహానికి కలిసి ఉంటాయి. ఎడమ చెయ్యి తీగల మీద ఉండగా పెదవి మైకు జాలీకి తగిలితే చురుక్కుమంటుంది. ఉత్తి కాళ్ళతో గచ్చు మీద నిలబడితే వేళ్ళ కింద తీగలు జివ్వుమంటాయి. దాన్ని చిన్న షాకే కదా అని కొట్టిపారేయకూడదు. ఈ రోజు కెపాసిటర్లోంచి వస్తున్న ఆ చురుకు రేపు లోపల ఒక వైరు ఊడి ఒంటికి తగిలితే పూర్తి 230 వోల్టులు అవుతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీ ఊళ్ళో వేదిక మీద లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్తింగ్ లేని మైకు తాకి చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ బ్యాండ్ మాజీ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ షాక్‌తో పోయాడు.

ఇది తెలిసి కూడా హమ్ పోతుందని ఆంప్ ప్లగ్గు మూడో పిన్ను విరిచేసేవాళ్ళున్నారు. రొద నిజంగానే పోవచ్చు, లూప్ తెగుతుంది కాబట్టి. దానితో పాటు ప్రాణానికి ఉన్న కాపలా కూడా తెగిపోతుంది. ఇంత స్పష్టంగా తప్పైన పని ఈ మొత్తం వ్యవహారంలో ఇంకొకటి లేదు. దాని పక్కనే నిలబడేది ఒకటుంది: ఎర్త్ వైరు లేని ఇంట్లో సాకెట్ లోపలే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ చిన్న ముక్క వైరుతో లంకె వేయడం. పైకి ఎర్త్ ఉన్నట్టే కనిపిస్తుంది, టెస్ట్ ల్యాంప్ కూడా వెలుగుతుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన క్షణంలో మాత్రం ఆ సాకెట్‌కి కలిపిన ప్రతి లోహపు ఒళ్ళూ ఫేజ్ అయిపోతుంది. అప్పటిదాకా న్యూట్రల్ కరెంటు పుట్టించే వోల్టేజీ ఎర్త్ పిన్ను మీదకి వచ్చి గిటార్‌లో హమ్‌గా వినిపిస్తూనే ఉంటుంది. కొత్తగా తీసుకున్న ప్రాక్టీసు గదిలో ఎలక్ట్రీషియన్‌తో మూడు కొలతలు తీయించాలి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు. మూడోది కచ్చితంగా సున్నా చూపిస్తే సంతోషపడకుండా సాకెట్ విప్పించి చూడాలి. “అన్నా, ఇక్కడ లంకె వేసిండ్రు” అనే మాట వినాల్సి రావచ్చు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకుంటే అయ్యే ఖర్చు ఒక మోస్తరు పెడల్ ధరను మించదు.

ఫంక్షన్ హాళ్ళలో, జనరేటర్ మీద నడిచే వేదికల మీద ఇవన్నీ పరీక్షించే వ్యవధి ఉండదు. అక్కడ లైటింగ్ డిమ్మర్లు ఉన్న లైను నుంచి కాకుండా సౌండ్ వాళ్ళ లైను నుంచే కరెంటు అడిగి తీసుకోవాలి. కరెంటు పోయి ఇంటి ఇన్వర్టర్ అందుకున్నప్పుడు రొద ఒక్కసారిగా గరుకైతే అది నున్నని అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కాదన్నమాట.

ఇంత వెతికాక కూడా తప్పు చాలాసార్లు అరచేతిలో ఇమిడే ముక్కలో దొరుకుతుంది. కేబుల్ చివర జాక్ మీది మూత విప్పి చూడండి. మధ్యలో సిగ్నల్ తీగ టంకం గట్టిగానే ఉంటుంది. దాని చుట్టూ ఉండాల్సిన జల్లెడ లాంటి రాగి అల్లిక, అదే షీల్డ్, పోగులు పోగులుగా తెగి రెండు మూడు దారాల మీద వేలాడుతుంటుంది. కేబుల్ వంచినప్పుడు ఆ దారాలు తగిలితే నిశ్శబ్దం, వదిలితే పెద్ద రొద. షీల్డ్ పూర్తిగా తెగిన కేబుల్ చేసే చప్పుడు, గుచ్చని జాక్ కొనను వేలితో తాకితే వచ్చే చప్పుడు ఒకేలా ఉంటాయి, ఎందుకంటే రెండింటిలోనూ కాపలా లేని తీగే యాంటెన్నా. కోఠి గుజరాతీ గల్లీలో కొత్త జాకులు, టంకం తీగ కొనుక్కుని పాడైన చివరను ఓ సెంటీమీటర్ కోసేసి మళ్ళీ అతికితే పాత కేబుల్ ఇంకొన్నేళ్ళు పనిచేస్తుంది. అతికేటప్పుడు అల్లికను ఒక్క పోగు వదలకుండా మెలిపెట్టి, ముందుగా దానికి టంకం పట్టించి, తర్వాతే జాక్ చెవికి ఆనించాలి. జాక్ లోపలి రెండు బిగింపు చెవులు కేబుల్ పై తొడుగును పట్టుకోవాలి, టంకాన్ని కాదు. లాగుడు తొడుగు మీద పడితే టంకం నిలుస్తుంది.

అన్నీ సరిచేశాక సింగిల్ కాయిల్ గిటార్‌లో కొంచెం గుమ్మనే రొద మిగులుతుంది, అది ఆ పికప్ స్వభావం. ఆంప్‌కి ఒకటిన్నర మీటరు దూరంలో కూర్చుని, రొద అన్నిటికంటే తక్కువ వినిపించే దిక్కు దొరికేదాకా కుర్చీ తిప్పి, అక్కడ నేల మీద ఒక టేపు ముక్క అంటించుకోండి. రికార్డింగ్ రోజున కుర్చీ కాళ్ళు ఆ టేపు మీదే ఉండాలి.